డాబా కారుతోంది: కోటింగ్ ఇప్పుడా, ఎండాకాలంలోనా?

ప్రశ్న: మాది మల్కాజిగిరిలో పద్దెనిమిదేళ్ల నాటి సొంత ఇల్లు, జీ ప్లస్ వన్. పై డాబా 1,350 చదరపు అడుగులు. ఈ వానల్లో హాల్లో ఫ్యాన్ దగ్గర నుంచి నీటి చుక్కలు పడ్డాయి, పడగ్గదిలో ఒక మూల చెమ్మ దిగింది. నీరు దిగకుండా డాబాకి కోటింగ్ వేసే అతను వచ్చి చూసి డాబా మొత్తానికి వేయాల్సిందే అన్నాడు. వానలు పోయాయి కదా, ఎండాకాలం దాకా ఆగొచ్చా? చలికాలం లోపే చేయించాలా? సంక్రాంతికి ఇంట్లో రంగులు కూడా వేయిద్దామనుకుంటున్నాం.

జవాబు:

ఎండాకాలం దాకా ఆగొద్దు. అలాగని రేపే ఆ కోటింగ్ అతని చేతిలో అడ్వాన్స్ కూడా పెట్టొద్దు. ముందు నీరు ఎక్కడ దిగుతోందో పట్టుకోవాలి. అది తేలాక పని దీపావళి దాటాక మొదలుపెట్టి జనవరి లోపు ముగించొచ్చు. చాలా ఏళ్లు సైట్ల మీద సూపర్‌వైజరుగా చేశాను, ఇప్పుడు పాత ఇళ్ల మరమ్మతులే చూస్తుంటాను. కారుతోందని నన్ను పిలిచిన ఇళ్లలో చాలావాటికి డాబా మీద అప్పటికే ఏదో ఒక కోటింగ్ ఉంటుంది. చోటు తెలియకుండా వేసింది కాబట్టే మళ్లీ కారింది.

చలికాలమే ఎందుకంటే, నైరుతి రుతుపవనాలు మామూలుగా అక్టోబరు మధ్యకల్లా మన దగ్గర నుంచి వెళ్లిపోతాయి. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే ఆ తర్వాత కూడా రెండు మూడు రోజులు ముసురు పట్టొచ్చు. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో హైదరాబాద్ ఎలా మునిగిందో మీకూ గుర్తుండే ఉంటుంది. అందుకే దసరా సెలవుల్లో డాబా పరీక్ష చేసుకుని, పని మాత్రం నవంబరు మధ్య నుంచి పెట్టుకోమంటాను. అప్పుడు వాన భయం తక్కువ, ఎండ మితంగా ఉంటుంది, సిమెంటు పనికి నీళ్లు కట్టినా గంటలో ఆవిరైపోవు. మేస్త్రీలు, కోటింగ్ వాళ్లు కూడా దొరుకుతారు. జూన్‌లో మొదటి వాన పడ్డాక ఫోన్ చేసి చూడండి, ఎవరూ ఎత్తరు.

ఇంకో కారణం చాలామంది పట్టించుకోరు. కాంక్రీటు ఎండకు సాగి, చలికి కుంచించుకుంటుంది. మే మధ్యాహ్నానికీ జనవరి తెల్లవారుజాముకీ మధ్య స్లాబు వేడిలో 30 డిగ్రీల తేడా తేలిగ్గా వస్తుంది. ఆ తేడాకి పది మీటర్ల పొడవున్న స్లాబు దాదాపు 3 మిల్లీమీటర్లు కదులుతుంది. అంటే పగుళ్లు బాగా తెరుచుకునేది చలికాలంలోనే. తెరుచుకుని ఉన్నప్పుడు సాగే గుణమున్న సీలెంట్ నింపితే, ఎండాకాలంలో స్లాబు సాగినప్పుడు అది నొక్కుకుని అక్కడే ఉంటుంది. మే నెల మధ్యాహ్నం మూసుకుపోయిన పగులులో నింపితే చలికాలం వచ్చేసరికి రెండు పక్కలా లాగేసి అంచు వదిలేస్తుంది. వచ్చే వానకి నీళ్లు ఆ సందులోంచే దిగుతాయి.

ఇక మీ ఇంటి సంగతి. ముందు ఫ్యాన్, ఎందుకంటే అది ప్రమాదం. స్లాబు పోసేటప్పుడే కరెంటు వైర్ల పైపులు లోపల పరుస్తారు. పైన ఎక్కడో సన్నటి పగులులోంచి దిగిన నీరు ఆ పైపుకి తగిలిందంటే దాని వెంటే పోయి, పైపు ఆగే చోట, అంటే ఫ్యాన్ బాక్సు దగ్గరో లైటు పాయింటు దగ్గరో బయటపడుతుంది. కాబట్టి హాల్లో ఫ్యాన్‌కి సరిగ్గా పైన డాబా మీద వెతికితే ఏమీ కనబడకపోవచ్చు. పగులు పది అడుగుల అవతల కూడా ఉండొచ్చు. మీరు ఈరోజే చేయాల్సింది ఆ గది ఎంసీబీ, అంటే మెయిన్ బోర్డులో ఆ గదికి కరెంటు ఆపే స్విచ్చు, దించడం. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి బాక్సు విప్పించి, వైర్లు, ఫ్యాన్ కొక్కెం చూపించండి. కొక్కెం తుప్పు పట్టి సన్నబడి ఉంటే ఫ్యాన్ దించేయాల్సిందే. లోపల పూర్తిగా ఆరేదాకా అక్కడ ఫ్యాన్ తిప్పొద్దు.

పడగ్గది మూల అన్నారు గానీ ఏ మూలో రాయలేదు. మన వైపు ఇళ్లలో వాస్తు ప్రకారం ఓవర్‌హెడ్ ట్యాంకు నైరుతిలో పెడతారు, డాబా వాటం ఈశాన్యానికి ఇస్తారు. మీ చెమ్మ నైరుతి మూలలో ఉంటే ముందు ట్యాంకునీ దాని పైపులనీ అనుమానించండి. ఈశాన్యం వైపు ఉంటే నీళ్లు బయటికి పోయే తూమును.

వాన నీరా, ట్యాంకు నీరా తేల్చుకోవడానికి కూడా చలికాలమే మంచిది. సీలింగు మీద మచ్చ చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి పక్కన తేదీ వేయండి. వారానికోసారి చూడండి. తడిసిన స్లాబు ఆరడానికి వారాలు పడుతుంది, కాబట్టి మచ్చ వెంటనే పోలేదని కంగారు పడొద్దు. వాన చుక్క లేని రోజుల్లో కూడా అది గీత దాటి పెరుగుతుంటే మాత్రం కారుతున్నది వాన నీరు కాదు. ట్యాంకు కింది జాయింటు, డాబా మీద వేసిన పైపు, సోలార్ గీజరు ఉంటే దాని పైపు, వీటిలో ఏదో ఒకటి. అప్పుడు మీకు కావాల్సింది ప్లంబరు, కోటింగ్ కాదు. ట్యాంకు కాళ్లు స్లాబు మధ్యలో ఉన్నాయా, గోడ మీదో బీము మీదో ఉన్నాయా కూడా చూడండి. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే ఒక టన్ను బరువు. అది స్లాబు నడిమధ్యన కూర్చుంటే కింద పగుళ్లు రావడంలో వింత లేదు.

డాబా ఎక్కేటప్పుడు సుద్దముక్క, చిన్న సుత్తి, ఫోను తీసుకెళ్లండి. పొద్దెక్కాక, నేల ఆరాక ఎక్కండి, ఎందుకంటే వానాకాలం పాచి మీద తడి ఉంటే జారుతుంది. కరెంటు తీగలు డాబాకి దగ్గరగా పోతుంటే ఆ వైపు పొడవాటి ఇనప కడ్డీలు, అల్యూమినియం నిచ్చెన ఎత్తొద్దు. మొదట చెత్తంతా తీసేయాలి. విరిగిన కుర్చీలు, మిగిలిపోయిన టైల్సు, పాత సింటెక్స్ మూతలు ప్రతి డాబా మీదా ఒక మూల పేరుకుని ఉంటాయి. పగుళ్లు దాక్కునేది వాటి కిందే.

తర్వాత తూములు. హైదరాబాద్‌లో పావురాలున్న ఇంటి డాబాకి తూము మూసుకుపోవడానికి వేరే కారణం వెతకక్కర్లేదు. ఈకలు, రెట్టలు, గూటి పుల్లలు, ఎండుటాకులు కలిసి గట్టి ముద్దలా బిగుసుకుంటాయి. చేత్తో తీసి, పైపులో బకెట్ నీళ్లు పోసి, కింద ఎంత వేగంగా వస్తున్నాయో ఒకరిని నిలబెట్టి చూడమనండి. నోటికి జాలీ లేకపోతే గోపురంలా పైకి లేచిన జాలీ పెట్టించండి. పలకలా ఉన్నది ఒక్క పాలిథిన్ కవరు పడితే మూసుకుపోతుంది.

ఎన్ని తూములున్నాయో లెక్క పెట్టండి. గంటకు 100 మిల్లీమీటర్ల జోరు వానను లెక్కలోకి తీసుకుంటే నాలుగంగుళాల పైపు ఒకటి సుమారు 460 చదరపు అడుగుల డాబాకి సరిపోతుంది. మీ 1,350 అడుగులకి మూడు కావాలి. ఆ కాలపు ఇళ్లలో తరచుగా ఈశాన్యంలో ఒక్కటే కనిపిస్తుంది. డాబా నీళ్లన్నీ ఆ ఒక్క మూలకే వచ్చి, గంటల తరబడి నిలబడి, అక్కడి పిట్టగోడ అంచులోంచి లోపలికి దిగుతాయి. వాస్తు మార్చమనను. ఉత్తరం గోడకి ఒకటి, తూర్పు గోడకి ఒకటి అదనంగా పెట్టిస్తే ఏ సిద్ధాంతిగారూ కాదనరు. వాటితోపాటు పిట్టగోడలో డాబా మట్టానికి రెండంగుళాల పైన ఒక చిన్న రంధ్రం పెట్టించుకుంటే, తూములు మూసుకుపోయిన రోజున నీళ్లు అక్కడి నుంచి బయటికి పడి మీకు కబురు చెబుతాయి. డాబా పైపులు డ్రైనేజీలో కలపకండి. ఇంకుడు గుంతకి వదలండి.

వాటం చూడటానికి పనిముట్లేమీ అక్కర్లేదు. వానాకాలం అయిపోయిన డాబా మీద నీళ్లు నిలిచిన ప్రతి చోటా నల్లటి వలయం మిగిలి ఉంటుంది. వాటి చుట్టూ సుద్దతో గీసి ఫొటో తీయండి. మామూలుగా పది అడుగులకు అంగుళంన్నర వాటం ఉండాలి. అది లేని చోట ఎంత ఖరీదైన కోటింగ్ వేసినా లాభం తక్కువే.

అన్నిటికంటే ఎక్కువ సమయం పిట్టగోడ దగ్గర పెట్టండి. స్లాబు కాంక్రీటు, పిట్టగోడ ఇటుక. ఎండకు ఒకటి కదిలినట్టు ఇంకోటి కదలదు. రెండూ కలిసే గీత వెంట సన్నటి అడ్డపగులు రావడం దాదాపు ప్రతి ఇంట్లో ఉన్నదే. మూల చెమ్మలు ఎక్కువగా దీని పుణ్యమే. గోడ తల మీద కూడా చేత్తో తడిమి చూడండి. తల వాటం డాబా లోపలికి ఉండాలి, చదునుగా ఉంటే నీళ్లు నిలిచి గోడలోకి ఇంకుతాయి. పగుళ్లలో రావి మొక్కో మర్రి మొక్కో కనబడితే ఆకులు తుంచి వదిలేయొద్దు. నెల తిరక్కుండా మళ్లీ వస్తుంది. వేరు పోయినంత మేర ఇటుకలు తీయించి, వేరంతా లాగేసి మళ్లీ కట్టించాలి. సంక్రాంతికి పిల్లలు గాలిపటాలకి డాబా ఎక్కుతారు కాబట్టి గోడ కదులుతోందా, కనీసం మీటరు ఎత్తుందా అన్నది కూడా ఇప్పుడే చూసుకోండి.

ఇక సుత్తితో నేలంతా మెల్లగా కొట్టుకుంటూ పోండి. గట్టి చోట కణకణమంటుంది, పై పొర విడిపోయిన చోట డొల్లగా మోగుతుంది. డొల్ల చోట్లన్నీ సుద్దతో గుర్తు పెట్టండి. కింద గదుల్లో సీలింగుకీ ఇదే పరీక్ష చేయాలి, మంచం ఉన్న చోట ముఖ్యంగా. తుప్పు పట్టిన ఇనుము అసలు కంటే రెండు మూడింతల చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికే కాంక్రీటు పెచ్చులుగా ఊడిపడుతుంది. ఊడిన చోట కడ్డీలు కనిపిస్తుంటే పైపైన సిమెంటు పూసి మూయనివ్వొద్దు. తుప్పు గీకి, కడ్డీకి తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ కలిపిన మసాలాతో పూడ్చాలి. కడ్డీలు బాగా సన్నబడినా, స్లాబు కిందికి వంగినట్టు అనిపించినా మేస్త్రీ మాట మీద ఆధారపడకండి. మున్సిపల్ కార్పొరేషన్ లైసెన్సు ఉన్న స్ట్రక్చరల్ ఇంజినీరుకి చూపించండి.

ఇంతా చూశాక కూడా చోటు తేలకపోతే నీళ్లు కట్టి చూడటమే మార్గం. తూములకి గుడ్డ కుక్కి, డాబాని చిన్న మట్టి గట్లతో మూడు నాలుగు మడులుగా విడగొట్టండి. ఒక్కో మడిలో రెండంగుళాల నీళ్లు నింపి 48 గంటలు ఉంచాలి. ఒక మడి అయ్యాకే రెండోది. అన్నీ ఒకేసారి నింపితే ఏది కారిందో తెలియదు. పక్కనే ఒక బకెట్‌లో నీళ్లు పోసి మట్టం గుర్తు పెట్టండి. బకెట్‌లో తగ్గింది ఎండకు పోయిన నీరు. మడిలో అంతకంటే ఎక్కువ తగ్గితే మిగతాది మీ స్లాబు తాగింది. రెండంగుళాల నీరంటే చదరపు మీటరుకు 50 కిలోలు, గట్టిగా ఉన్న స్లాబుకి అది లెక్కలోది కాదు. కడ్డీలు బయటపడ్డ స్లాబు మీద మాత్రం ఈ పరీక్ష వద్దు. నీళ్లు కట్టిన రోజుల్లో ఆ ఫ్యాన్ ఎంసీబీ దించే ఉంచండి.

చోటు దొరికాక పని క్రమం ఇలా ఉండాలి. ముందు పగుళ్లు. పగులు వెంట సుమారు 10 మిల్లీమీటర్ల వెడల్పు, అంతే లోతున కోసి, దుమ్మంతా ఊదేసి సీలెంట్ నింపాలి. సిమెంటు పాలు పోసి బ్రష్షుతో రుద్దడం పని కాదు, మళ్లీ అదే గీత మీద చీలుతుంది. తర్వాత పిట్టగోడ అడుగున మూలంతా మసాలాతో గుండ్రంగా తీర్చి, ఏ కోటింగ్ వేసినా గోడ మీదికి కనీసం ఆరంగుళాలు ఎక్కించాలి. ఆ మూలలో వల లాంటి ఫైబర్ మెష్ పెట్టి రెండు పూతల మధ్య ఇమిడ్చాలి. డొల్లగా మోగిన చోట్లు పగలగొట్టి కొత్తగా వేయాలి. వాటం చెడిన చోట సరిచేయాలి. కోటింగ్ చివరి పని. మీ దగ్గరికి వచ్చినతను మొదటిదే అది అన్నాడంటే పైవన్నీ ఎగ్గొడతాడని నా అనుమానం.

వాటం సరిచేయమంటే కొందరు మేస్త్రీలు పాత గచ్చు మీదే ఇంకో రెండంగుళాలు వేసేస్తారు. వెయ్యి చదరపు అడుగుల మీద అంగుళం మందం మసాలా అంటే దాదాపు ఐదు టన్నులు. మీ డాబా మీద అలా ఇప్పటికే ఒక పొర పడి ఉంటే పాతది తీయించాకే కొత్తది వేయించండి.

ఏ కోటింగ్ అన్నది డాబా వాడకాన్ని బట్టి. వాటం బాగుండి పెద్దగా ఎక్కని డాబాకి ఆక్రిలిక్ రకం చాలు. అయితే దానికి నిలిచిన నీరు పడదు, రోజుల తరబడి నానితే మెత్తబడి లేస్తుంది. వడియాలు, మిరపకాయలు ఎండబెట్టుకుని, బట్టలారేసుకుని, పిల్లలు ఆడే డాబాకి నేనైతే పొడీ ద్రవం కలిపి వేసే రెండు భాగాల సిమెంటు రకం పూత వేయించి, పైన టైల్సో విరిగిన పింగాణీ ముక్కల చైనా మొజాయిక్కో పరిపించమంటాను. పూతకి రాపిడి తగలదు. తెల్లగా ఉంటే వేడీ తగ్గుతుంది. పైకప్పుల వేడి తగ్గించాలని తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది, దానికి తెల్ల పెయింట్లు కూడా వాడతారు. అవి వేడి తగ్గిస్తాయి, మంచిదే, కానీ ప్రతి తెల్ల పెయింటూ నీళ్లను ఆపదు. డబ్బా మీద వాటర్‌ప్రూఫింగ్ అని ఉందో లేదో చదవండి.

పూత వేసే ముందు రోజు రాత్రి పలుచటి ప్లాస్టిక్ షీటు ముక్కని నాలుగు అంచులా టేపుతో స్లాబుకి అంటించండి. పొద్దున్న దాని అడుగున నీటి బిందువులు కనిపిస్తే స్లాబు ఇంకా తడిగా ఉన్నట్టే, ఇంకో వారం ఆగండి. చలికాలంలో మంచు ఒక్కటే ఇబ్బంది. తెల్లవారి డాబా తడిసి ఉంటుంది కాబట్టి పదింటి తర్వాతే మొదలుపెట్టనివ్వండి, మూడింటికల్లా ఆపించండి. సాయంత్రం వేసిన పూత ఆరకముందే మంచు పడితే తెల్లగా పాలిపోయి పొడిపొడిగా రాలుతుంది.

పనివాళ్లతో మాట్లాడేటప్పుడు చదరపు అడుగు రేటు ఒక్కటే అడిగితే సరిపోదు. డబ్బా మీద ఎన్ని పూతలకి ఎన్ని చదరపు అడుగులు వస్తుందో రాసి ఉంటుంది. మీ డాబా, గోడ మీదికి ఎక్కే భాగం కలిపి ఎన్ని డబ్బాలు పడతాయో మీరే లెక్క కట్టి, సీలు మీ ముందు విప్పమనండి. నీళ్లు ఎక్కువ కలిపి సగం డబ్బాలతో కానిచ్చేయడం ఈ పనిలో మామూలు మోసం. పదేళ్ల గ్యారంటీ అని విజిటింగ్ కార్డు మీద ఉంటే చాలదు. పగుళ్లు, మూలలు, తూములు ఎలా చేస్తాడో రాసిచ్చిన కాగితం కావాలి. ఆఖరి వాయిదా డబ్బు ఇంకోసారి నీళ్లు కట్టి చూశాకే ఇవ్వండి.

ఇది చదివే మిగతావాళ్లకి కొన్ని మాటలు. మిద్దె తోట ఉన్నవాళ్లు కుండీలని ఇటుకల మీదో స్టాండు మీదో పెట్టి, తూముల దగ్గర నుంచి జరపండి. పెంట్‌హౌస్ మీద పాత సిమెంటు రేకులుంటే వాటిమీద నేరుగా కాలు పెట్టొద్దు, కింద ఇనప పట్టీలున్న వరుస మీద పలక వేసి నడవాలి. పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, గీకడం, పొడిగా తోమడం, రంధ్రాలు వేయడం ఊపిరితిత్తులకి చేటు. బోల్టుల దగ్గర వాషర్లు ఎండి చీలితే మార్పిస్తే చాలు. అపార్ట్‌మెంట్లలో పై అంతస్తు వాళ్లనే ఖర్చు పెట్టుకోమంటుంటారు, అది న్యాయం కాదు. 2016 రెరా చట్టం, అంటే స్థిరాస్తి నియంత్రణ చట్టం, టెర్రస్‌ని అందరి ఉమ్మడి ఆస్తిగానే చెప్పింది. ఆ చట్టం కిందికి వచ్చే ప్రాజెక్టై, ఫ్లాటు అప్పగించి ఐదేళ్లు దాటకపోతే నిర్మాణ లోపాన్ని బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా అడగండి.

కేంద్రం ఇచ్చే పీఎం సూర్య ఘర్ సబ్సిడీతో డాబా మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించే ఆలోచన మీకు కూడా ఉంటే, డాబా పని ముందు, ప్యానెళ్లు తర్వాత. పాతికేళ్లు ఉండే వాటిని ఎక్కించాక కింద పగులు కనిపిస్తే అన్నీ విప్పాలి. స్టాండు కోసం స్లాబుకి రంధ్రాలు వేయకుండా కాంక్రీటు దిమ్మెల మీద నిలబెట్టమని ముందే చెప్పండి.

సంక్రాంతి రంగుల సంగతంటారా, గోడలకి వేయించేసుకోండి. చెమ్మ దిగిన సీలింగునీ ఆ మూలనీ మాత్రం వదిలేయండి. లోపలి తడి ఇంకా బయటికి రావాల్సి ఉంటుంది, దాని మీద పుట్టీ పెడితే నెలలోనే బుడగలు లేస్తాయి. అక్కడ పాత పుట్టీ, రంగు గీకించి గాలి తగలనివ్వండి. ఆ ప్లాస్టిక్ షీటు పరీక్షే సీలింగుకీ చేసి, పొడిగా తేలాక ఫిబ్రవరిలోనో మార్చిలోనో పుట్టీ పెట్టించండి.